బ్రేకుల్లో లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

కారు బ్రేక్ సరిగా పట్టడం లేదనగానే చాలామంది చేసే మొదటి పని ప్యాడ్లు మార్పించడం. ప్యాడ్లు అరిగి ఉంటే అది సరైన పనే. కానీ పెడల్ మెత్తబడినా, బిగుసుకుపోయినా, తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతున్నా దానికి ప్యాడ్ల అరుగుదల కారణం కాదు. కొత్త ప్యాడ్లు పడ్డాక రెండు రోజులు బాగున్నట్టే అనిపిస్తుంది, అసలు లోపం లోపలే ఉండిపోతుంది. అందుకే ముందు ఏ భాగం పాడైందో తేల్చుకోవాలి, స్పానర్ ఆ తర్వాతే పట్టుకోవాలి.

పెడల్‌కూ చక్రానికీ మధ్య ఉన్న భాగాలు కొన్నే. మీ కాలి బలాన్ని పెంచే బూస్టర్, దాన్ని బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్, ఇనుప పైపులు, చక్రాల దగ్గర రబ్బరు హోస్‌లు, చివర ప్యాడ్లతో డిస్కును రెండు పక్కలా నొక్కే కాలిపర్ లేదా డ్రమ్ములోని వీల్ సిలిండర్. వీటిలో ఏది పాడైందో చాలావరకు పాదానికే తెలిసిపోతుంది.

ముందుగా ఒక హెచ్చరిక. పెడల్ నేలకు తగులుతున్నా, చక్రం దగ్గర ఆయిల్ కారుతున్నా, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించాక కూడా ఎర్ర బ్రేక్ లైటు ఆరకపోయినా బండి నడపొద్దు. గ్యారేజీ దాకా కూడా వద్దు. పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేక్ పనిచేస్తుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ అవకుండా చూసే ఏర్పాటు మాత్రం ఉండదు. రెండు లైట్లూ కలిసి వెలిగితే దాన్ని ఎర్ర లైటు కిందే లెక్కేయాలి.

ఆగి ఉన్న బండిలో చేసే మూడు పరీక్షలు

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఏ పనిముట్టూ అక్కర్లేదు. కిందివి వ్యాక్యూమ్ (గాలి లేని ఖాళీ) సాయంతో పనిచేసే బూస్టర్ ఉన్న కార్లకు. ఎలక్ట్రిక్ బూస్టర్ ఉన్న బండికి మొదటి రెండూ వర్తించవు.

1. ఇంజిన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కండి. లోపలి వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలాగే కాలు అదిమి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కాస్త దిగాలి. కదలకపోతే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగింది. ముందు ఇంజిన్ నుంచి బూస్టర్‌కు వెళ్లే రబ్బరు పైపు చూడండి. అది పగిలినా, ఊడినా ఇంజిన్ నడుస్తున్నప్పుడు బుసబుసమని గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది. పైపు మార్చడం చిన్న పని, బూస్టర్ మార్చడం పెద్ద పని. అందుకే ఈ వరుస ముఖ్యం.

2. ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. ఒక నిమిషం ఆగి పెడల్ తొక్కండి. మొదటిసారి లోతుగా దిగి, రెండోసారి, మూడోసారి అంతకంతకూ పైనే ఆగాలి. మొదటిసారే గట్టిగా ఉంటే బూస్టర్ వ్యాక్యూమ్‌ను నిలబెట్టుకోలేకపోతోంది. ఇక్కడ ముందుగా అనుమానించాల్సింది ఆ పైపులో ఉండే, గాలిని ఒకే వైపు పోనిచ్చే వన్‌వే వాల్వ్‌ను.

3. ఇంజిన్ ఆపి, వ్యాక్యూమ్ అయిపోయేదాకా పెడల్ తొక్కి, ఆ తర్వాత ఓ మాదిరి బలంతో నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. పెడల్ ఉన్నచోటే ఉండాలి. మెల్లగా నేల వైపు జారుతుంటే ఆయిల్ ఎక్కడో దారి తప్పుతోంది.

మూడో పరీక్షలో పెడల్ జారితే బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం తగ్గి ఉంటే బయటికే కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, డ్రమ్ముల అడుగు, ఇనుప పైపుల పొడవునా తడి ఉందేమో వెతకండి. మట్టం తగ్గుతోంది, ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్ లోపలికి చేరుతూ ఉండొచ్చు. మాస్టర్ సిలిండర్, బూస్టర్ కలిసే చోట వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇక మట్టం ఏమాత్రం తగ్గకుండా పెడల్ ఒక్కటే జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అరిగాయి. ఒత్తిడి పడాల్సిన ఆయిల్ సీలు పక్కనుంచి వెనక్కి వచ్చేస్తోంది. దీనికి ఎన్ని ప్యాడ్లు మార్చినా లాభం లేదు.

నడిపేటప్పుడు కనిపించే లక్షణాలు

పెడల్ స్పాంజి నొక్కినట్టు ఉంటే లైన్లో గాలి ఉంది. ఆయిల్ ఒత్తిడికి కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. తొక్కిన బలంలో కొంత ఆ గాలిని నొక్కడానికే పోతుంది. పాత రబ్బరు హోస్ ఉబ్బినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ఒకరిని పెడల్ తొక్కమని మీరు హోస్‌ను చేత్తో పట్టుకుని చూడండి. అది చేతిలో పొంగుతుంటే మార్చేయాల్సిందే.

పెడల్ గట్టిగానే ఉంది కానీ బాగా కిందికి దిగాక పడుతోంది, రెండోసారి తొక్కితే పైకి వస్తోంది. ఇది వెనక డ్రమ్ములున్న కార్లలో తరచుగా వస్తుంది. డ్రమ్మును లోపలినుంచి నొక్కే బ్రేక్ షూలకూ డ్రమ్ముకూ మధ్య దూరం పెరిగింది, ఆ దూరాన్ని తనంతట సరిచేసే ఆటో అడ్జస్టర్ పట్టేసింది. హ్యాండ్‌బ్రేక్ లివర్ మునుపటి కంటే ఎక్కువ క్లిక్కులు పైకి లేస్తుండటం కూడా దీనికి గుర్తే. అప్పుడు చాలామంది హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించేస్తారు. అది తప్పు వరుస. ముందు డ్రమ్ము విప్పి షూలు సర్దాలి, కేబుల్ సంగతి ఆ తర్వాత. కేబుల్ ముందే బిగిస్తే ఆటో అడ్జస్టర్ అసలు పనిచేయదు.

బ్రేక్ వేసినప్పుడు బండి ఎడమకు లాగుతుంటే ఎడమ చక్రమే పాడైందని అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు ఎడమది సరిగ్గానే పడుతోంది, కుడిది పట్టడం లేదు. కాలిపర్ బిగుసుకుపోవడమో, ప్యాడ్ మీద ఆయిల్, గ్రీజు పడటమో కారణం. టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో మాత్రం అన్నిటికంటే ముందు చూసుకోండి. బ్రేక్ వేయకుండానే బండి ఒక పక్కకు లాగుతూ, ఆ పక్క చక్రం వేడెక్కుతుంటే అప్పుడు ఆ పక్కదే లోపం, బ్రేక్ వదలడం లేదు.

దీన్ని తేల్చుకోవడానికి తక్కువ బ్రేకులతో పది నిమిషాలు నడిపి ఆగండి. చెయ్యి చక్రానికి తగలనివ్వకుండా దగ్గరగా పెట్టి నాలుగింటి వేడినీ పోల్చండి. ముందు చక్రాలు రెండూ దాదాపు ఒకేలా, వెనకవి రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రం సెగ కొడుతుంటే అది జామ్ అయ్యింది. ఇలాంటప్పుడు మైలేజీ తగ్గుతుంది, రిమ్ము మీద నల్లటి పొడి ఆ ఒక్క చక్రానికే ఎక్కువగా పేరుకుంటుంది.

జామ్ అయిన చక్రం దగ్గర కాలిపర్‌దా తప్పు, హోస్‌దా అన్నది తెలియాలంటే ఒక తేలికైన పద్ధతి ఉంది. ఆ చక్రాన్ని జాకీతో లేపి, చేత్తో తిరగడం లేదని చూసుకుని, కాలిపర్ మీది బ్లీడర్ నిప్పిల్‌ను (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూను) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకుపోయింది. రబ్బరు హోస్ లోపలి పొర ఊడి వాల్వులా అడ్డుపడుతూ ఉండాలి, బయటికి చూస్తే హోస్ కొత్తదానిలాగే కనిపిస్తుంది. రెండు పక్కలా చక్రాలు జామ్ అవుతుంటే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదేమో చూడాలి. నిప్పిల్ వదులు చేసినా చక్రం కదలకపోతే ప్యాడ్‌ను నెట్టే కాలిపర్ పిస్టనో, కాలిపర్ అటూ ఇటూ జారే గైడ్ పిన్నులో పట్టేశాయి.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంటే ముందు డిస్కులు, సీటు కింద వణుకు తెలుస్తుంటే వెనకవి. డిస్క్ వంగిపోయింది అంటుంటారు కానీ ఎక్కువగా జరిగేది వేరు. వేడెక్కిన ప్యాడ్‌ను ఒకేచోట అదిమి ఉంచితే దాని పదార్థం డిస్క్ మీద మచ్చలా అంటుకుంటుంది, లేదా చక్రం, డిస్క్ బిగించే హబ్బుకూ డిస్కుకూ మధ్య తుప్పు ఉండి డిస్క్ ఓరగా కూర్చుంటుంది. చుట్టూ మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నా కాలికి తెలుస్తుంది. వీల్ నట్లను గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించడం కూడా ఒక కారణమే. కాబట్టి కొత్త డిస్కులు వేయించేటప్పుడు హబ్బు తుప్పు గీయించండి, నట్లు చెప్పిన బిగువుకే బిగించే టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి.

చప్పుళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాం. రాత్రి మంచుకో, కడిగాకో డిస్క్ మీద పట్టిన పైతుప్పు వల్ల మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమంటే కంగారు అక్కర్లేదు. సన్నగా కీచుమని ఎప్పుడూ వినిపిస్తుంటే ప్యాడ్ మీది హెచ్చరిక రేకు డిస్కుకు తగులుతోంది, ప్యాడ్లు మార్చే వేళయ్యింది. ఇనుము ఇనుముతో రాపాడే మోత వస్తే మాత్రం ప్యాడ్ అయిపోయింది, డిస్క్ కోసుకుపోతోంది, బండి ఆపేయండి.

ప్యాడ్లు చూడటం, మార్చడం

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం ఎక్కువ కార్లలో 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. వెనకనున్న ఇనుప రేకును ఈ కొలతలో కలపకూడదు. రిమ్ము సందుల్లోంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే, దాన్ని చూసి సరిపెట్టుకోవద్దు. చాలాసార్లు ముందు అరిగేది లోపలి ప్యాడ్. లోపలిది అయిపోయి బయటిది సగం మిగిలి ఉంటే గైడ్ పిన్నులో పిస్టనో బిగుసుకుని ఉన్నట్టు. ఆ పని చేయకుండా ప్యాడ్లు మాత్రం మారిస్తే మళ్లీ అదే అరుగుదల.

కావలసినవి: జాకీ, జాక్ స్టాండ్లు, వీల్ స్పానర్, సాకెట్ సెట్, టార్క్ రెంచ్, పెద్ద సి-క్లాంప్, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు. ప్యాడ్లు ఒక యాక్సిల్‌కు రెండు పక్కలా కలిపే మార్చాలి. అయితే ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పండి, బిగించేటప్పుడు అనుమానం వస్తే చూసుకోవడానికి ఉంటుంది.

1. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాత జాకీతో లేపి స్టాండ్ పెట్టండి. జాకీ మీదే ఉన్న బండి కిందికి చెయ్యి పెట్టొద్దు. వెనక చక్రాల పనైతే హ్యాండ్‌బ్రేక్ దించాలి కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు తప్పనిసరి.

2. కాలిపర్ కింది బోల్టు తీసి దాన్ని పైకి తిప్పండి. పూర్తిగా విప్పాల్సి వస్తే తీగతో స్ప్రింగ్‌కు కట్టండి. రబ్బరు హోస్ మీద వేలాడదీస్తే హోస్ లోపల చిరుగుతుంది.

3. పాత ప్యాడ్లు తీసి, అవి కూర్చునే గాడిని వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. పొడిని నోటితో గానీ, గాలి పైపుతో గానీ ఊదొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్లీనర్‌తో తడిపి తుడవండి. డిస్క్ కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, అంతకంటే తగ్గితే డిస్కూ మార్చాలి.

4. గైడ్ పిన్నులు లాగి, తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి తిరిగి పెట్టండి. వేళ్లతో తోస్తే సాఫీగా జారాలి. మామూలు గ్రీజు వాడితే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పేచీలన్నిటికీ మూలం తరచుగా ఈ పిన్నులే, చాలామంది వదిలేసే మెట్టూ ఇదే.

5. ఆయిల్ డబ్బా మూత తీసి, పాత ప్యాడ్‌ను అడ్డంపెట్టి క్లాంప్‌తో పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టండి. డబ్బాలో ఆయిల్ పైకి వస్తుంది, పొర్లకముందే సిరంజితో తీసేయండి. పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. హ్యాండ్‌బ్రేక్ కూడా వెనక కాలిపర్‌లోనే ఉండే బండ్లలో పిస్టన్‌ను నెట్టకూడదు, ప్రత్యేక టూలుతో తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా ముట్టుకోవద్దు, లోపలి మోటారు పాడవుతుంది.

6. కొత్త ప్యాడ్లు పెట్టి, మీ కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బోల్టులు బిగించండి. ప్యాడ్ ముఖం మీద గ్రీజు వేలిముద్ర కూడా పడనివ్వొద్దు.

7. చక్రం బిగించి బండి దించాక, కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు లోపలికి వెళ్లి ఉన్నాయి కాబట్టి మొదటి కొన్నిసార్లు పెడల్ నేల దాకా పోతుంది. ఈ ఒక్క పని మరిచి రివర్స్ గేరు వేస్తే గోడకు తగిలేదాకా బండి ఆగదు. తర్వాత ఆయిల్ మట్టం సరిచూడండి.

ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, ఓ మాదిరి బ్రేకుతో ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యమధ్య అర నిమిషం నడవనివ్వండి. చివర్లో బ్రేక్ పెద్దగా వాడకుండా కొన్ని నిమిషాలు నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ పదార్థం డిస్క్ అంతటా సమంగా అంటుకునేది దీనివల్లే.

బ్రేక్ ఆయిల్

బ్రేకుల్లో అందరూ మరిచిపోయేది ఇదే. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమను పీలుస్తాయి. కొత్త డాట్ 4 మరిగే వేడి కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరితే అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కాలిపర్లు బాగా వేడెక్కి పాత ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు పుడతాయి, అంతవరకూ బాగున్న పెడల్ ఉన్నట్టుండి నేలకు దిగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలుగా ఉంటుంది. గ్యారేజీలో చూపిస్తే ఏ లోపమూ కనిపించకపోవడానికి కారణం అదే. మాన్యువల్ వేరే చెప్పకపోతే రెండేళ్లకోసారి మార్చండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా, తిరగకపోయినా.

మట్టం తగ్గిందని పోసేసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొచ్చి మట్టం కొద్దికొద్దిగా తగ్గడం సహజం. త్వరగా తగ్గితే లీకే. మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయండి. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది వేరు, డాట్ 4 కుటుంబానిదే. పొరపాటున ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. పెడల్ తొక్కకుండా అక్కడే ఆపాలి, ఆ ఆయిల్ లైన్లలోకి వెళ్తే సీళ్లు, హోస్‌లు అన్నీ మార్చాల్సి వస్తుంది.

బ్రేక్ లైన్లలోంచి గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మాన్యువల్‌లో వేరే వరుస లేకపోతే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. నిప్పిల్‌కు పారదర్శక పైపు తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. లోపలివారు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు నిప్పిల్ పావు చుట్టు తెరిచి, ఆయిల్ రాగానే మూసేయాలి, మూశానని చెప్పాకే వారు కాలు తీయాలి. ఈ వరుస తప్పితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. బుడగలు ఆగి శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా చేయండి, డబ్బా మాత్రం సగం కంటే కిందికి పోనివ్వొద్దు. పాత బండిలో పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. రోజూ వాడని లోతుకు పెడల్ దిగితే అక్కడి తుప్పు మాస్టర్ సిలిండర్ సీళ్లను గీసేస్తుంది. ఏబీఎస్ యూనిట్లోకి గాలి చేరితే ఈ పద్ధతి చాలదు, స్కానర్‌తో పంపు తిప్పించి తీయాలి.

గ్యారేజీలో ఏం చెప్పాలి

"బ్రేక్ బాలేదు" అంటే ప్యాడ్లే మారుతాయి. ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, మొదటి తొక్కుకా రెండోదానికా, ఏ పక్కకు లాగింది, ఏ లైటు వెలిగింది అన్నవి రాసిపెట్టుకుని చెప్పండి. పై మూడు పరీక్షల ఫలితం కూడా చెప్పండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, లోపం వచ్చే పరిస్థితిలోనే నడిపి చూపించండి. తీసేసిన భాగాలు చూపించమని అడగండి. బిల్లులో ఏ ఆయిల్ పోశారో, డిస్క్ మందం ఎంతుందో రాయించుకోండి. 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరుతో మీ మోడల్ బ్రేకుల మీద కంపెనీ రీకాల్ (లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ఉందో లేదో కూడా తెలుసుకోండి, ఉంటే ఆ పని ఉచితంగా చేస్తారు.

నడుస్తుండగా బ్రేక్ పోతే

పెడల్ దిగిపోగానే వెంటవెంటనే గట్టిగా తొక్కుతూ వదులుతూ ఉండండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. ఇప్పటి కార్లలో లైన్లు రెండు సర్క్యూట్లుగా ఉంటాయి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. పెడల్ చాలా లోతుకు దిగాక, చాలా బలంగా తొక్కితే పడుతుంది. సగంలోనే ఆశ వదులుకోకండి. పెడల్ కిందికి సీసా దొర్లిందా, మ్యాట్ ముడుచుకుందా అన్నది కాలితోనే తడిమి తెలుసుకోండి.

యాక్సిలరేటర్ వదిలి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. ఆటోమేటిక్‌లో మాన్యువల్ మోడ్ లేదా ఎల్ (తక్కువ గేరు)లోకి మార్చండి, పార్క్‌లోకి మాత్రం వద్దు. హజార్డ్ లైట్లు, హారన్. వేగం తగ్గుతుండగా హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. ఎలక్ట్రానిక్ స్విచ్ అయితే ఎక్కువ కార్లలో దాన్ని ఎత్తి పట్టుకుంటే బండి తనే ఆపుతుంది. ఇంజిన్ ఆపొద్దు. తాళం తిప్పి తీస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు, బూస్టర్ సాయమూ పోతుంది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయి. కాలిన వాసన వస్తుంది. వీలైన చోట ఆపి, అరగంటైనా చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, పగులుతాయి. మళ్లీ దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరులోనే దిగండి. బ్రేక్ పొడుగునా ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేస్తూ ఉంటే మధ్యలో చల్లబడే వీలుంటుంది.

బ్రేక్ పోయిన బండిని తాడు కట్టి లాగించొద్దు. ముందు బండి ఆగితే వెనకది ఆగడానికి ఏమీ ఉండదు. మొత్తం బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలిపించండి. అది వచ్చేదాకా బండిని గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి.